రాగి తొండ డైరీ

మార్చి 24

ఏసీ మెకానిక్కుకి మార్చి నుంచి జూన్ దాకా ఆదివారమనేది కేలండర్లో తప్ప ఎక్కడా కనబడదు. ఇవాళ హైదరాబాదులో పుప్పాలగూడ వైపు ఒక ఇంట్లో సర్వీసింగ్. మూడో అంతస్తు, అవుట్‌డోర్ యూనిట్ వెనక గోడకి ఉంది, ఆ గోడకి పది అడుగుల దూరంలో గుట్ట. ఫ్యాన్ జాలీ ఊడదీద్దామని చెయ్యి పెట్టేసరికి యూనిట్ మీద ఏదో కదిలింది. తొండ. కంచెల మీద కనబడే మామూలు తొండ కాదు, రాతి తొండ. కాస్త చదునుగా, రాయిని అంటిపెట్టుకునే ఒళ్ళు. మగది. వీపు మీద చార ఇంకా ఎరుపు తేలలేదు, పక్కలు మాత్రం అప్పుడే నల్లబడుతున్నాయి.

నా సంచిలో టెంపరేచర్ గన్ను ఎప్పుడూ ఉంటుంది, గురిపెట్టి నొక్కితే ముట్టుకోకుండానే వేడి చూపిస్తుంది. యూనిట్ మూత మీద కొడితే 47. మూరెడు దూరంలో గోడ నీడలో 31. తొండ 47 మీద రెండు నిమిషాలు కూర్చుంది, దిగి నీడకెళ్ళింది, ఐదు నిమిషాలకి మళ్ళీ ఎక్కింది. మళ్ళీ దిగింది. లోపల్నుంచి ఇంటావిడ "అయిందా బాబూ?" అని కేకేసేదాకా స్క్రూడ్రైవర్ చేత్తో పట్టుకొని దాన్నే చూస్తూ ఉండిపోయాను.

ఎందుకంటే అది చేసే పని నాకు బాగా తెలిసిన పని. పాత విండో ఏసీలో థర్మోస్టాట్ చేసేది అదే. వేడి ఒక గీత దాటితే కంప్రెసర్ ఆన్, ఇంకో గీత కిందికి దిగితే ఆఫ్. ఆ రెండు గీతల మధ్య ఏమీ పట్టించుకోదు. తొండకి కంప్రెసర్ లేదు, కాళ్ళున్నాయి. అంతే తేడా.

రాత్రి ఫోన్లో చదువుతూ పన్నెండు చేశాను. బళ్ళో మనకి చెప్పిందేమిటి? బల్లీ, పామూ, తొండా శీతల రక్త జంతువులు, చుట్టూ ఎంత వేడి ఉంటే ఒళ్ళూ అంతే అని. ఆ మాట సగమే నిజమని 1944లోనే తేల్చారట. రేమండ్ కౌల్స్, చార్లెస్ బోగర్ట్ అనే ఇద్దరు కాలిఫోర్నియా ఎడారిలో బల్లుల ఒంటి వేడి కొలిచారు. పొద్దున గాలి చల్లగా ఉన్నా, తర్వాత ఇసుక కాలిపోతున్నా, తిరుగాడే బల్లి ఒళ్ళు మాత్రం ఒక చిన్న హద్దులోనే ఉంటోంది. ఎండా నీడా మార్చుకుంటూ తనే సరిచేసుకుంటోంది. అదే బల్లిని ఎండలో కదలకుండా కట్టేస్తే చచ్చిపోతుంది, ఎడారిలో పుట్టిందే అయినా సరే.

మా కాలనీ వెనకా గుట్ట ఉంది. దాని మీదా ఇవే తొండలు. ఏ చోట ఎంత వేడో, తొండ ఏ గంటకి ఎక్కడ కూర్చోగలదో కొలిచి చూడాలనిపించింది. డైరీ ఇవాళ మొదలు.

మార్చి 31

తొండని పట్టి దాని ఒంట్లో సెన్సర్ పెట్టే ఉద్దేశం నాకు లేదు. అది అడవి ప్రాణి, నేను ఏసీ మెకానిక్కుని. దీనికి వేరే దారి ఉంది. రాగితో తొండంత బోలు బొమ్మ చేసి, లోపల సెన్సర్ వేలాడదీసి, రాయి మీద పెట్టడం. ఆ చోట కదలకుండా కూర్చున్న తొండ ఒళ్ళు చివరికి ఎంతకి చేరుతుందో ఆ బొమ్మ చెబుతుంది. ఎండా, గాలీ, కింద రాయి వేడీ అన్నీ కలిసిన లెక్క అది. గాలి ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. శాస్త్రవేత్తలు ఏళ్ళుగా వాడుతున్న పద్ధతే. రాగి ఎందుకంటే వేడి చప్పున పాకుతుంది, గోడ పల్చన కాబట్టి తనలో దాచుకోదు.

ఇక రాగి పైపంటారా, మా ఇంట్లో ఉప్పూ పప్పూ అయిపోవచ్చు గానీ అది అయిపోదు. సెవెన్ బై ఎయిట్ పైపు తుక్కులో దొరికింది, 22 మిల్లీమీటర్ల అడ్డకొలత. పదకొండు సెంటీమీటర్ల ముక్క కోసి, ఒక కొస వైస్‌లో నొక్కి మూతిలా చేశాను. తోకకి పావంగుళం పైపు. కాళ్ళకి మందపాటి రాగి తీగ. బ్రేజింగ్, అంటే మంటతో అతుకులేసేటప్పుడే తిప్పలు. నాలుగో కాలు అతికించేసరికి మొదటి కాలు అతుకు కరిగి రాలిపోయింది. మళ్ళీ అతికిస్తే తోక వంగింది. పెద్ద బిల్డింగుల ఏసీ చిల్లర్లకి అతుకులేసిన చేతులివి, తొండ కాళ్ళ దగ్గర ఓడిపోయాయి. చివరికి కాళ్ళని ఎం-సీల్‌తో అంటించాను. ఎవరికీ చెప్పొద్దు.

మా అక్క కూతురు వచ్చి చూసి, "మామా, ఇది తొండనా, మొసలా?" అంది. పాలిటెక్నిక్ చదువుతోంది. సెన్సర్ల లెక్క తనకే అప్పజెప్పాను.

ఏప్రిల్ 7

పైపు మెరుస్తుంటే లాభం లేదు. ఇందులో నాకు ముందే అనుభవం ఉంది. మెరిసే రాగి పైపుని గన్నుతో కొడితే అది పైపు వేడి చూపించదు, పైపులో కనబడే ఆకాశం వేడి చూపిస్తుంది. కొత్త కుర్రాళ్ళందరూ అక్కడే బోల్తా పడతారు. పైపు మీద నల్ల టేపు చుట్టి, టేపు మీద కొట్టాలి. తొండ బొమ్మకీ అంతే, ఎండని తొండ ఎంత పీల్చుకుంటుందో ఇదీ అంతే పీల్చుకోవాలి. కాబట్టి రంగు వెయ్యాలి.

ఏ రంగు? మూడు రోజులు ఇదే ఆలోచన. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందని మనవాళ్ళు ఊరికే అనలేదు, దీని రంగు గంటకోరకం. పొద్దున గుండు మీదికి ఎక్కినప్పుడు ముదురుగా ఉంటుంది, వేడెక్కాక పాలిపోతుంది. ముదురు రంగు ఎండని ఎక్కువ తాగుతుంది కాబట్టి ఇందులో దాని అవసరం కూడా ఉంది. ఒక్క రంగు వేస్తే సగం రోజు అబద్ధం అవుతుంది. అందుకని మూడు బొమ్మలు చేశాను. 1వ నంబరు ముదురు బూడిద, 2వది నడిమి బూడిద, 3వది లేత బూడిద. మూడూ వరండాలో ఒకే పలక మీద పెట్టి గన్నుతో చూస్తే తొమ్మిది గంటల ఎండకి 1కీ 3కీ మూడు డిగ్రీల తేడా. గోడ గడియారం కింద కూర్చొని రంగు ఆరేదాకా చూసినవాడికి మూడు డిగ్రీలు పెద్ద బహుమానమే.

ఏప్రిల్ 14

సెన్సర్లు ఏసీల్లోవే, వేడిని కొలిచే 10 కిలోఓమ్‌ల థర్మిస్టర్లు. నమ్మే ముందు సరిచూడాలి. స్టీలు గ్లాసులో ఐసు చితక్కొట్టి, కొంచెం నీళ్ళు పోసి, మూడూ ముంచాము. రెండు సున్నా దగ్గర నిలబడ్డాయి, మూడోది 1.8 అంది. దాన్ని పక్కన పెట్టి ఇంకోటి వేశాం.

పైపు లోపల సెన్సర్ నడిమధ్యన గాల్లో వేలాడాలి, గోడకి తగలకూడదు. తగిలితే ఎండ పడే వైపు గోడ వేడినే చూపిస్తుంది. థర్మాకోల్ బిళ్ళలు రెండు కోసి, మధ్యలో బొక్క పెట్టి, వైరుని వాటిలోంచి దూర్చాను. ఈ ఒక్క పనికి గంటన్నర.

ఆర్డ్యునో నానో అనే చిన్న సర్క్యూట్ బోర్డు, ఎస్‌డీ కార్డు, నిమిషానికి ఒక రీడింగు. కోడ్ మా అక్క బిడ్డదే. రాత్రి టెర్రస్ మీద పెట్టి, పొద్దున కార్డు తీసి చూస్తే అందులో ఉన్నది ఒక్క రీడింగు. ఒక్కటంటే ఒక్కటి. కోడ్ తప్పని నేను, వైరింగ్ తప్పని తను, టిఫిన్ చల్లారేదాకా వాదించుకున్నాం. తప్పు పవర్ బ్యాంకుది. ఇది లాగే కరెంటు మరీ తక్కువ, ఫోనేదీ లేదనుకొని దానంతట అదే ఆగిపోయింది. పవర్ బ్యాంకు తీసేసి లిథియం సెల్లు పెట్టాము. నడిచింది.

ఏప్రిల్ 21

మొదటిసారి గుట్ట మీద. మా గుట్ట అంటే పెద్ద కొండేమీ కాదు, ఎకరం ఉంటుంది. నాలుగైదు తాటి ఎత్తు గుండ్లు, వాటి చుట్టూ చిన్న రాళ్ళు, సీతాఫలం పొదలు. ఈ రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. పైన పొరలు ఉల్లిపాయ పొట్టులా విడిపోతూ ఉంటాయి, ఆ పొరల సందులే తొండల ఇళ్ళు.

బొమ్మలు పెట్టిన చోట్లు ఇవి. 1వది పెద్ద గుండు నెత్తిన. 2వది అదే గుండుకి తూర్పు అంచున. 3వది పొర విడిన సందులో, మూడు వేళ్ళ వెడల్పు, మూరెడు లోతు. రంగులు వేరు కాబట్టి చోట్ల పోలికకి కుదరవని బిడ్డ పట్టుబట్టింది. నిజమే. మూడింటికీ మళ్ళీ నడిమి బూడిద వేసి, రంగు ప్రయోగం తర్వాత చూద్దామనుకున్నాం.

సాయంత్రం కార్డు తెచ్చాం. పొద్దున ఏడున్నరకి తూర్పు అంచు అందరికంటే ముందు లేచింది, ఎనిమిదింబావుకే 36. నెత్తిన అప్పటికింకా 30. పదకొండుకి నెత్తిన 46, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి 53. సందులో రోజంతా 30 నుంచి 34 మధ్య, గీత గీసినట్టు. రాత్రి తొమ్మిదికి గాలి 31 అయితే రాయి ఇంకా 36. గుండు పగలంతా తాగిన ఎండని రాత్రంతా మెల్లగా వదులుతోంది.

మగ తొండ ఏం చేసిందో నా నోట్‌బుక్కు చూస్తే గ్రాఫుకి అద్దం పట్టినట్టుంది. 7:40 తూర్పు అంచు, కడుపు రాయికి ఆనించి, పక్కటెముకలు విప్పి చపాతీలా పరుచుకుంది. 8:30 నెత్తిన, నాలుగుసార్లు దండీలు తీసింది. 10:20 నెత్తినే, కానీ భంగిమ మారింది. ముందు కాళ్ళు నిటారుగా, పొట్ట రాయికి అంగుళం పైన, కాలి వేళ్ళు కూడా పైకి లేపి మడమల మీదే నిలబడింది, తోక కొస కూడా తగలనివ్వలేదు. 10:50 సందులోకి.

ఆఫ్రికా నైరుతి తీరాన నమీబ్ ఎడారిలో ఇసుక బల్లి ఒకటి ఉంది, కాలే ఇసుక మీద ఎదురుబొదురు కాళ్ళు రెండేసి ఎత్తుతూ దించుతూ డ్యాన్సు చేసినట్టుంటుంది. మాది అంత ఆట ఆడదు. కానీ బాధ ఒక్కటే.

అన్నట్టు పేరు సంగతి. మన దేశంలో రాతి తొండల ప్రజాతి పేరు సామోఫైలస్, 1843లో ఫిట్జింగర్ పెట్టాడు. గ్రీకులో ఇసుకని ప్రేమించేది అని అర్థం. రాయి వదిలి దిగనిదానికి ఇసుక పేరు పెట్టడం పచ్చి తొండి కాదూ! అందులో రెండు జాతులు, నడుము చుట్టూ పొలుసులు లెక్కపెడితే తేలుతుంది. ఒకదానికి 80 నుంచి 100, ఇంకోదానికి 115 పైన. పట్టుకోకుండా లెక్కపెట్టలేను, పట్టుకోను. ఈ డైరీలో అది రాతి తొండే.

ఏప్రిల్ 28

ఇదో చిక్కు. వారం రోజుల గ్రాఫుల్లో తూర్పు అంచు బొమ్మ, అంటే 2వ నంబరు, పొద్దునపూట ఎక్కుతూ ఎక్కుతూ ఉన్నట్టుండి మూడు నాలుగు డిగ్రీలు కిందికి జారుతోంది. ఇరవై నిమిషాలు, ఒక్కోసారి అరగంట. మళ్ళీ ఎగబాకుతోంది. నాలుగు రోజుల్లో ఇది కనబడింది, మూడు రోజుల్లో లేదు.

ముందు నీడ అనుకున్నాను, ఏ కేబుల్ వైరుదో, సీతాఫలం కొమ్మదో. కానీ నీడ అయితే రోజూ దాదాపు ఒకే టైముకి రావాలి. ఇది ఒకరోజు 7:58కి, ఇంకోరోజు 8:21కి, మరోరోజు 8:10కి. వైరు వదులైతే గ్రాఫు పళ్ళ దువ్వెనలా ఎగిరిపడుతుంది, ఇది నున్నగా దిగుతోంది. మబ్బు అయితే నెత్తిన ఉన్న బొమ్మ కూడా దిగాలి, అది దిగట్లేదు. "సెన్సర్ పాడైంది మామా, పారెయ్," అంది బిడ్డ. ఏసీ పనిలో నేను నేర్చుకున్నది ఒకటే, పార్టు మార్చే ముందు అక్కడికెళ్ళి కళ్ళతో చూడాలి.

ఇవాళ ఏడింటికే వెళ్ళి ఎదుటి గుండు వెనక కూర్చున్నాను. 8:04కి మగ తొండ సందులోంచి తల బయటపెట్టింది. అటూ ఇటూ చూసి అంచు మీదికొచ్చింది. తిన్నగా నా రాగి తొండ దగ్గరికెళ్ళి, రెండుసార్లు నాలికతో తాకి, దాని వీపెక్కి కూర్చుంది. పొట్ట ఆనించి, కళ్ళు సగం మూసి, పెళ్ళిపీట మీద మామగారిలా.

నేను దాని వేడి కొలుద్దామని పెట్టినదాన్ని అది అరుగు చేసుకుంది. నా గ్రాఫులో పడిన గుంట దాని నీడ.

బిడ్డకి ఫోన్ చేస్తే ఎగిరి గంతేసింది. "అయితే అప్పుడు వచ్చిన రీడింగే దాని ఒంటి వేడి కదా మామా!" కాదు. బొమ్మ మీద పొట్ట ఆనింది నిజమే గానీ కింద రాయి, పక్కన గాలి, వీపు మీద ఎండ అన్నీ కలిసిన ఖిచిడీ అది. తొండ ఒళ్ళు 37 అని అందులోంచి తీస్తే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. తనకి నచ్చలేదు. ఆ రీడింగులన్నీ వేరే ఫైల్లో పెట్టుకుంది.

బొమ్మకి జానెడు దూరంలో దానికంటే ఎత్తుగా ఒక చదును రాయి పెట్టాను. మగవాటికి ఎత్తు కావాలి, పక్కవాళ్ళకి కనబడాలి. రేపటి నుంచి అరుగు అటు మారుతుందేమో చూడాలి.

మే 9

ఇవాళ ఒక కాల్ వాయిదా వేసి మరీ గుట్ట మీదున్నాను. హైదరాబాదులో ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలబడతాడు, మే 9న, ఆగస్టు 3న. ఇవాళ మధ్యాహ్నం 12:12కి. అడుగు పొడవు రాగి పైపు ముక్కని రాయి మీద నిటారుగా నిలబెట్టి చూశాను. 12:05కి పైపు లోపలి గోడ మీద ఎండ నిలువుగీతలా ఉంది. కాసేపటికి ఎండ పైపులోంచి నేరుగా అడుగుకి దిగింది, లోపల రాయి మీద రూపాయి బిళ్ళంత వెలుగు. బయట పైపుకి నీడే లేదు.

అప్పుడు తొండలకి నీడ ఎక్కడిది? తూర్పు పక్క లేదు, పడమర పక్క లేదు. గుండు చుట్టూ మోకాళ్ళ మీద పాకుతూ వెతికాను. ఉంది. గుండు కదా, కింద సగం లోపలికి వంపు తిరిగి ఉంటుంది. ఆ పొట్ట కింద ఆడ తొండ ఒకటి, తల్లకిందులుగా రాయిని పట్టుకొని వేలాడుతోంది. మట్టి రంగు, మచ్చలు మచ్చలు, రెండడుగుల దూరం నుంచి కూడా రాయిలోనే కలిసిపోయింది. గొంతు కదలిక వల్ల దొరికిపోయింది. నోరు కొద్దిగా తెరిచి ఉంది. గన్నుతో ఆ రాయి 39. నెత్తిన అదే టైముకి 57.

మగది సందులో. టార్చి వేస్తే తోక ఒక్కటే కనబడింది.

ఇంటికొచ్చేసరికి నాకే తల తిరిగింది. మా ఇంటామె మజ్జిగ గ్లాసు చేతికిస్తూ, "తొండకున్న తెలివన్నా లేకపాయె నీకు, అదన్న నీడకు పోయింది," అంది. బదులు చెప్పడానికి ఏమీ దొరకలేదు.

మే 26

పదిహేను రోజులు డైరీ ముట్టలేదు. రోజుకి ఏడెనిమిది కాల్స్. గ్యాస్ నింపడం, గ్యాస్ నింపడం, మధ్యలో ఒక పీసీబీ, అదే ఏసీ సర్క్యూట్ బోర్డు, మార్చడం. కార్డు మార్చడం మాత్రం మా బిడ్డే చూసుకుంది.

కూర్చొని లెక్క కట్టాం. పగటి తొండలు బాగా తిరిగేది ఒళ్ళు 30ల్లో ఉన్నప్పుడు, అందుకని మేము మోటుగా 33 నుంచి 40 అని రెండు గీతలు గీసుకున్నాం. ఏప్రిల్ మూడో వారంలో గుండు నెత్తి ఆ గీతల మధ్య ఉన్నది పొద్దున రెండు గంటలు, సాయంత్రం గంటన్నర. మే మూడో వారానికి పొద్దున గంట, సాయంత్రం ముప్పావుగంట. మిగతా పగలంతా సందులోనే. సందులో ప్రాణానికి ఢోకా లేదు, కానీ అక్కడికి చీమలు నడిచి రావు. ఆడవాటిని పిలవలేదు, పక్క మగదాన్ని తరమలేదు. కరెంటు పోయినప్పుడు షాపు షట్టర్ దించుకొని లోపల కూర్చున్నట్టే, బతికే ఉన్నాం, బేరం లేదు.

2010లో సినర్వో అనే ఆయనా, ఆయన తోటివాళ్ళూ సైన్స్ పత్రికలో రాసింది ఈ లెక్కే. మెక్సికోలో ముళ్ళ బల్లులు 1975 నుంచి 12 శాతం చోట్ల కనబడకుండా పోయాయి. ఎండకి మాడి కాదు. వసంతంలో, సరిగ్గా పిల్లల్ని కనే కాలంలో, బయట తిరిగే గంటలు తగ్గిపోవడం వల్ల.

జూన్ 2

ఈ మధ్య నన్ను తొలిచేస్తున్నది ఒకటుంది, అది ఇవాళ తీరింది.

ఒక గేటెడ్ కాలనీకి సర్వీసింగుకి వెళ్తుంటాను. కట్టేటప్పుడు గుట్టంతా పగలగొట్టి, ఒక్క గుండుని మాత్రం అందానికి మిగిల్చారు. మంచి గుండే, రెండు అంతస్తుల ఎత్తు. చుట్టూ లాన్, అడుగున సందులన్నీ సిమెంటుతో పూడ్చి రాత్రి లైట్లు పెట్టారు. సెక్రెటరీ గారు చూపించి, "రాయిని కాపాడాం చూడండి," అంటారు. అక్కడ ఒక్క తొండ కూడా నా కంట పడలేదు. కుక్కల భయమేమో, లాన్‌కి కొట్టే మందేమో అనుకునేవాణ్ణి.

పర్మిషన్ అడిగి మూడు రాగి తొండల్నీ ఒకరోజు అక్కడ పెట్టాను. వాచ్‌మన్‌కి ఏమని చెప్పాలో తెలియక ఏసీ సెన్సర్ అని చెప్పా. "ఏసీ గుండుకెందుకన్నా?" అన్నాడు. దానికీ జవాబు లేదు.

పొద్దున బాగానే ఉంది, తూర్పు అంచు మా గుట్టలాగే 36. పదకొండు దాటాక ఆ రాయి మీద నేను పెట్టగలిగిన ఏ చోటా 44 కిందికి దిగలేదు. నాలుగు దాకా అంతే. దిగి పోదామంటే సందు లేదు, పొర లేదు, సిమెంటు. లాన్‌లోకి పోతే చల్లనే, కానీ రాతి తొండ గడ్డిలో దాక్కునే జీవి కాదు, పై నుంచి డేగకి పళ్ళెంలో పెట్టినట్టు కనబడుతుంది.

తొండకి కావలసింది వేడి చోటు కాదు, చల్లని చోటూ కాదు. రెండూ నాలుగడుగుల్లో ఉండాలి. గది ఎంత బాగున్నా థర్మోస్టాట్ వైరు తెగితే ఏసీ దండగ. ఆ గుండుకి వైరు తెంపేశారు. సెక్రెటరీ గారికి గ్రాఫు చూపించి, అడుగున ఒకవైపు సిమెంటు తీసి చిన్న రాళ్ళు పేర్చమన్నాను. చూద్దాం అన్నారు. ఆ మాటకి అర్థం తెలిసే వయసే నాది.

జూన్ 16

వానలు పడ్డాయి. గుట్ట రంగే మారింది, తొండల రంగు ఇంకా ఎక్కువ మారింది.

పొద్దున 9 గంటలకి పెద్ద గుండు మగది నెత్తిన ఉంది. వీపు ఎర్రగా, పక్కలు బొగ్గులా. కింద రాయి మీద ఆడది. మగది తల ఊపుతూ, దండీలు తీస్తూ దిగుతోంది. అంతలో పక్క గుండు మగది అంచు దాటి వచ్చింది. నేను ఫోన్ తీసి కెమెరా తెరిచేలోపు, అంటే ఐదారు సెకన్లు, మా మగదాని వీపు ఎరుపు పోయి పసుపు, పక్కల నలుపు పోయి నారింజ. స్విచ్చు వేసినట్టు. రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరిగాయి, గొంతులు ఉబ్బించాయి, ఒకసారి కరుచుకున్నాయి, వచ్చినది వెనక్కి తగ్గింది. రెండు నిమిషాల్లో మళ్ళీ ఎరుపూ నలుపూ.

బెంగళూరు ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) వాళ్ళు రాతి తొండల్లో సరిగ్గా ఇదే రాశారు. ఆడదాని ముందు ఒక జత రంగులు, మగదాని ముందు ఇంకో జత, పోట్లాటకి వేగం ముఖ్యం. ఊళ్ళ దగ్గరి తొండలు ఎక్కడ దాక్కుంటే ప్రాణానికి మేలో అడవి తొండల కంటే చప్పున నేర్చుకుంటాయని కూడా వాళ్ళే తేల్చారు. మా గుట్ట వాటికి అది నేర్చుకోక తప్పదు, సాయంత్రమైతే క్రికెట్ బంతులు.

రంగు ప్రయోగం మాత్రం ఫెయిల్. ముదురు, లేత బొమ్మలు మళ్ళీ రంగేసి పెట్టిన రోజే మబ్బు. ఎండ లేనప్పుడు రెండూ ఒక్కటే.

జూలై 14

ఆడది గుండు దిగి మట్టిలో తవ్వుతోంది. వాన తడికి మెత్తబడ్డ చోటు, సీతాఫలం మొదట్లో. ముందు కాళ్ళతో గీకి, వెనక కాళ్ళతో తోసి, మధ్యమధ్య ఆగి చుట్టూ చూసి. గంటకి పైగా. జెముడు కాకి ఒకటి పొదలో "గుప్ గుప్" అనగానే రాయైపోయింది, అది పోయాక మళ్ళీ మొదలు. గుడ్లు పెట్టడం చూడలేదు, నాకు కాల్ వచ్చింది. సాయంత్రం వెళ్ళేసరికి మట్టి సమంగా తట్టి ఉంది, చోటు ముందే తెలియకపోతే ఎవరూ పట్టుకోలేరు. క్రికెట్ పిల్లలకి చెప్పి చుట్టూ నాలుగు రాళ్ళు పెట్టించాను.

సెప్టెంబరు 8

ఆగస్టంతా మబ్బులే. రెండో నీడలేని రోజు ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో. 

పెద్ద గుండు నెత్తిన ఎవరూ లేరు. ఆగస్టు రెండో వారంలో మగదాని రంగు వెలిసిపోవడం చూశాను, చివరిసారి కనబడ్డది 19న. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీలో రాతి తొండల్ని ఏళ్ళ తరబడి గమనించినవాళ్ళున్నారు. చాలావాటికి బతుకులో దక్కేది ఒక్క సీజనేనని వాళ్ళు చూసింది. ఇది తెలిసీ మూడు ఆదివారాలు ఆ గుండు చుట్టూ తిరిగాను.

కింది రాళ్ళ మీద మాత్రం సందడి. చూపుడు వేలంత పిల్లలు, నేను లెక్కపెట్టినవి ఐదు. అప్పుడే దండీలు తీస్తున్నాయి, ఎవరికి చూపించడానికో.

3వ నంబరు రెండు వారాలుగా పిచ్చి రీడింగులు ఇస్తోంది. ఇవాళ తీసి చూస్తే ఎం-సీల్ పగిలి, వైరు దూరిన బొక్క పెద్దదైంది. మూతి కిందికి పెట్టి తట్టాను. లోపల్నుంచి చీమలు, తెల్లటి గుడ్లతో సహా, ధారగా కారాయి. తొండలు ఏరుకు తినే చీమలే, తొండ కడుపులో కాపురం పెట్టాయి. బిడ్డ నవ్వలేక కింద కూర్చుంది. సెన్సర్ ఊడదీసుకొని, ఖాళీ పైపుని మళ్ళీ అదే సందు ముందు పెట్టి వెనక్కి జరిగాం. రెండు నిమిషాలు కాలేదు, పిల్ల తొండ ఒకటి వచ్చి బొక్క ముందు కూర్చుంది. ఒక్కో చీమా బయటికి రావడం, అది నాలిక చాపడం.